“స్థిరభూమి” అను మాట

దక్కను పీఠభూమి “స్థిరభూమి” అని పాఠములలో చెప్పుట వాడుక. అతి ప్రాచీన శిలలతో ఏర్పడిన ఈ భాగము హిమాలయమువలె ముడుతలు పడుచున్న ప్రదేశము కాదు. ఆ అర్థమున ఈ మాట సరియైనదే. కాని విద్యార్థి దీనిని “ఇచట భూకంపము రాదు” అని గ్రహించును. ఈ రెండు అర్థములకు నడుమ గల దూరమెంతయో 1993లో కిల్లారి తెలిపినది.

మహారాష్ట్రలోని లాతూరు జిల్లాకు చెందిన ఈ గ్రామము ఆనాటి భూకంప మండలముల పటములో మొదటి మండలమున, అనగా అపాయము అన్నిటికంటె తక్కువయని గుర్తించిన భాగమున ఉండెను. 1992లో అచట చిన్న ప్రకంపనలు కలిగినవి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు సుమారు 6.2 తీవ్రత గల భూకంపము వచ్చినది. ఆ ప్రాంతమున సుమారు ఎనిమిది నుండి పదివేలమంది మరణించిరి.

మరి పటములోని లోపమేమి? అది ముఖ్యముగా అంతవరకు తెలిసిన భూకంపముల చరిత్రపై ఆధారపడినది. భారత ఫలకము ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరముగా జరుగుచు ఆసియాను నెట్టుచున్నది. ఆ ఒత్తిడి హిమాలయమువద్దనే ఆగదు. ఫలకము లోపలి పాత పగుళ్ళమీద కూడ పడును. అచట అది అతి మెల్లగా కూడుటచే, ఒకేచోట రెండు పెద్ద భూకంపముల నడుమ వేల సంవత్సరములు గడువవచ్చును. మన వ్రాతలు అంత వెనుకకు పోవు. పదేండ్లుగా వరద రాలేదని వాగుగట్టున ఇల్లు కట్టుకొనువాని ధీమా వంటిదే ఇది.

తెలుగునేలకు కూడ ఇది కొత్త కాదు. 1967లో ఒంగోలు ప్రాంతము, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతము కంపించినవి. రెండవదాని తీవ్రత 5.7. 2024 డిసెంబరు 4 ఉదయము ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపము హైదరాబాదులో కూడ తెలిసినది.

కిల్లారిలో ప్రాణములు తీసినది భూమికంటె గోడలే. రాళ్ళను మట్టితో పేర్చిన మందపు గోడలు, వానిపై బరువైన మట్టికప్పులు నిద్రించుచున్నవారిపై కూలినవి. రాతిగోడల చుట్టును కట్టుపట్టీ వేసి, మూలలను బిగించినచో అవి విడిపోక చాలవరకు నిలుచును.

2002లో పటమును సవరించి మొదటి మండలమునే తొలగించిరి. తరగతిలోని మాటను కూడ అట్లే దిద్దుకొనవలెను. దక్కనులో భూకంపములు “అరుదు” అనవచ్చును, “రావు” అనరాదు. అరుదని వినిన విద్యార్థి తన ఇంటిగోడ వంక ఒకసారి చూచును. రావని వినినవాడు చూడడు.