ఎర్రనీళ్లు, మొదటి కూత

గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో డెల్టాలో పుట్టినవాడి మనసు రెండుగా చీలిపోతుంది. కాలవలు నిండుగా పారుతున్నాయి, సార్వా ఊడ్పులకు ఢోకా లేదని ఒక పక్క సంబరం. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారనగానే లంకల్లో ఉన్న చుట్టాలు ఎలా ఉన్నారోనని మరో పక్క గుబులు. సంబరానికీ గుబులుకీ కారణం ఆ నీళ్లే. గట్టు మీద నిలబడి వాటిని చూస్తుంటే ఏది ఎక్కువో చెప్పలేం. చూడకుండా ఇంటికీ పోలేం.

కబడ్డీ కొత్త సీజన్ వస్తోందంటే నాకు కలిగేది ఆ గట్టు మీది భావమే. మన ఆలంకారికులు ఎంత సూక్ష్మంగా చూశారో గానీ, దీనికీ పేరు పెట్టి ఉంచారు. సమానబలం ఉన్న రెండు భావాలు ఒక్కచోట కలిస్తే భావసంధి. అనేక భావాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తే భావశబలత. ఔత్సుక్యం, శంక, స్మృతి, చింత, ధృతి, హర్షం... కావ్యంలో వీటిని వెతికి చూపించడానికి వ్యాఖ్యాత ఉండాలి. తెలుగు టైటాన్స్ అభిమానికి ఆ అవసరం లేదు. సీజన్‌కు వారం ముందు అవన్నీ పిలవకుండానే వచ్చి వరసగా కూర్చుంటాయి.

స్మృతి ముందొస్తుంది. 2014 జులై 26న ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు ఉన్నవి ఎనిమిది జట్లు, అందులో మనదొకటి. మరుసటి ఏడాది మూడో స్థానం. రాహుల్ చౌదరి పరుగెడుతూనే చెయ్యి చాచి తాకి వచ్చేసేవాడు. తాకినట్టు అవతలివాడికి తెలిసేసరికి ఈయన గీత దాటి ఉండేవాడు. ఆ చెయ్యిలో తొందర కనపడేది కాదు. కవ్వం తాడు లాగి వదిలినంత సహజంగా వెళ్లి వచ్చేది. ఆరు సీజన్లు మనవాడై ఉండి 2019లో తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. అదే ఏడాది ‘బాహుబలి’ అని పిలిపించుకున్న సిద్ధార్థ్ దేశాయ్ కోటీ 45 లక్షలకు మన జట్టుకొచ్చాడు. ఒకణ్ని సాగనంపిన కంటితోనే మరొకణ్ని ఎదురుకోవడం అప్పుడే నేర్చుకున్నాను.

తర్వాత వచ్చినవి చెప్పుకోవడానికి గొంతు తడారే సీజన్లు. ఎనిమిదో సీజన్లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. తొమ్మిదో సీజన్లో రెండు. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి తెచ్చుకున్న పదో సీజన్లోనూ రెండే. మొత్తం 66 మ్యాచ్‌లకు ఐదు గెలుపులు. ఆ 66 మ్యాచ్‌లూ చూశాను. ఓడిపోయే జట్టును అన్ని సాయంత్రాలు ఎందుకు చూశావని అడిగినవాళ్లకు సమాధానం మా ఊరి చెడుగుడు బరిలో ఉంది.

మాది నరసాపురం వైపు, వశిష్ట గట్టుకు దగ్గర. సార్వా కోతలైపోయి, దాళ్వాకు ఇంకా నీరు పెట్టని ఖాళీ చేలో సంక్రాంతికి బరి వేసేవారు. ఏటి ఇసక తెచ్చి పరిచి, ముగ్గుపిండితో గీతలు గీసి, నాలుగు మూలలా గెడలు పాతి ట్యూబులైట్లు కట్టేవారు. మా బాబాయి కుడి మూల ఆడేవాడు. కూతకొచ్చినవాడి మడమ పట్టుకోవడం ఆయన పని. ఆట అయ్యాక చెవుల్లోంచి, వెంట్రుకల్లోంచి ఇసక రాలుతుండగా పందిరి గుంజకు ఆనుకుని కూర్చునేవాడు. పిన్ని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి మోకాళ్ల వంక చూసేది. ఏమీ అనేది కాదు.

ఓ రాత్రి ఆయన చెప్పిన మాట ఈ ఆటకు నాకు తెలిసిన మొదటి లక్షణశాస్త్రం.

“కూతంటే కబడ్డీ కబడ్డీ అని అరవడం కాదురా అబ్బాయ్. ఊపిరి ఎక్కడ అయిపోతోందో అవతలోడికి తెలీనివ్వకూడదు. ఆడికి తెలిసిందా, కాలు ఆడిదే.”

“మరి నువ్వెలా కనిపెడతావు బాబాయ్?”

“మాట సన్నబడద్ది. ‘డ్డీ’ దగ్గర. చెవి అక్కడ పెట్టాలి, కళ్లు మడమ మీద పెట్టాలి.”

ఒక్క అక్షరం సన్నబడటాన్ని పట్టుకునే ఆ చెవిని సంగీత సభలో ముందు వరసలో కూర్చునే రసికుడిలో మాత్రమే చూశాను మళ్లీ.

ఇప్పుడు ఒక్క కూతను దగ్గరగా చూడండి. కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు పది. మధ్యగీత దాటినవాడికి ఉన్నది 30 సెకన్లు, ఒక్క ఊపిరి. అంతకుముందు రెండు కూతలు ఖాళీగా పోయి ఉంటే ఇది చావో రేవో కూత. ఈసారీ ఉత్త చేతులతో వస్తే అవుటే. ఎదురుగా ఏడుగురు, చేతులు చేతులు కలిపి చంద్రవంకలా వంగి ఉన్నారు. ఇతను ఎడమ మూలకు నడుస్తాడు. నడకే, పరుగు కాదు. చంద్రవంక అటు జరుగుతుంది. భుజం కుడికి తిరుగుతుంది, పాదం తిరగదు. చంద్రవంక ఒక్క క్షణం తడబడుతుంది. మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్ గీత మీదుగా బొటనవేలు పాములా జారి ఒకడి పాదాన్ని తాకుతుంది. అప్పటికే మూలవాడు నేలకు పడి మడమ అందుకున్నాడు. కవర్ వాడు నడుం మీద పడ్డాడు. ఇంకొకడు, ఇంకొకడు. కుప్పలోంచి ఒక చెయ్యి మాత్రం బయటికొస్తుంది. మోచెయ్యి సాగుతుంది, మణికట్టు సాగుతుంది, వేలి కొస సాగుతుంది. గీతకు అంగుళం దూరం.

ఆ అంగుళంలో ఉన్నది ఏ రసం? కూతకెళ్లేటప్పుడు స్థాయి ఉత్సాహం, కనక వీరం. పట్టు పడ్డప్పుడు చూసేవాడికి భయానకం. వేలు గీతను తాకితే అద్భుతం, తాకకపోతే కరుణ. నాటకానికి ఐదంకాలు కావలసివచ్చే రసయాత్రను ఈ ఆట 30 సెకన్లలో పూర్తిచేస్తుంది. మళ్లీ 30 సెకన్లకు కొత్త పాత్రతో మొదలుపెడుతుంది. చాలా ఆటల్లో సొగసు అవతలి కొసకు చేరడంలో ఉంటుంది. కబడ్డీలో సొగసంతా తిరిగి రావడంలో ఉంది. ప్రదీప్ నర్వాల్ డుబ్కీ చూసినవారికి ఇది చెప్పక్కర్లేదు. కలిపి పట్టిన చేతుల కింద నుంచి చేపలా మునిగి, స్వంత గడ్డ మీద తేలేవాడు. మనుషుల గోడ కింద తలదూర్చే ఆ క్షణంలో అతని చూపు ఎప్పుడూ ఇంటి గీత మీదే ఉండేది.

గెలవని ఆ 61 మ్యాచ్‌ల్లోనూ మన రైడర్లు కూతకు వెళ్లారు. స్కోరుబోర్డు మీద ఇరవై పాయింట్ల తేడా ఉన్నప్పుడూ, ఆఖరి నిమిషంలోనూ, వంగి గీత తాకి, ఆ తాకిన చేత్తో నుదురు తాకి వెళ్లారు. నేను చూసింది దాన్ని.

ఇక చింత. ‘మన జట్టులో మనవాళ్లెవరు?’ అన్న ప్రశ్న ప్రతి సీజన్ ముందూ నన్ను గుచ్చుతుంది. రాహుల్‌ది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. సిద్ధార్థ్‌ది మహారాష్ట్ర. పవన్‌ది ఢిల్లీ. ఇసకలో కూత నేర్చిన మా వైపు కుర్రాళ్లకు లీగ్ మ్యాట్ ఎప్పుడు అందుతుందన్న బాధ నిజమైనది, దాన్ని దాచను. కానీ గట్టు మీద నిలబడితే ఇంకో నిజం కనపడుతుంది. మా చేలకు అన్నం పెట్టే ఈ నది పుట్టింది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. 1,465 కిలోమీటర్లు నడిచి, ప్రాణహితను, ఇంద్రావతిని, శబరిని కలుపుకుని మా కాలవలోకి వస్తోంది. మా చేలో పారినంతసేపు అది మా నీరు. తర్వాత సముద్రానిది. ఆటగాళ్లూ అంతే. పారినంతసేపు పండిస్తారు.

2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ విశాఖలో మొదలైనప్పుడు ఆ మాట నాకు పరీక్ష పెట్టింది. ఎదురు జట్టు తమిళ్ తలైవాస్. దాని నాయకుడు మన పవనే. అతను మన గీత దాటి మన సగంలోకి కూతకొస్తుంటే చేతులు చప్పట్లకు లేచి, సగంలో ఆగిపోయాయి. భావసంధి అంటే ఏమిటో శాస్త్రంలో చదివినప్పటికన్నా అప్పుడు బాగా అర్థమైంది. మూడు పాయింట్లతో ఓడాం, 35-38.

కానీ ఆ రోజు ఓడిన మన జట్టే, విజయ్ మలిక్ నాయకత్వంలో, భరత్ హుడా కూతల మీద, ఎన్నో ఏళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణెరి పల్టన్ చేతిలో 45-50తో ఆగింది. మూడో స్థానం. ఐదు పాయింట్ల దూరం. గీతకు అంగుళం దూరంలో ఆగిన వేలి కొసలాగే.

అందుకే ఈసారి గుబులు ఎక్కువ. ఓడటం అలవాటైన రోజుల్లో ఆశకు బరువుండేది కాదు. ఇప్పుడు ఉంది. వేలంలో ఎవరు మిగులుతారో, ఎవరు ఏ రంగు చొక్కా వేసుకుంటారో, అల్లుకున్న జట్టు మళ్లీ అల్లుకుంటుందో లేదోనన్న శంక రాత్రి పడుకున్నాక కూడా వదలదు.

బాబాయికి ఇప్పుడు మోకాళ్లు వంగవు. టీవీకి దగ్గరగా కుర్చీ జరిపించుకుంటాడు. వ్యాఖ్యానాల హోరులో కూత వినపడటం లేదని మొదటి సీజన్ నుంచీ ఆయన బాధ. నేను శబ్దం పూర్తిగా తీసేస్తాను. అప్పుడాయన రైడర్ పెదాల వంకే చూస్తూ, తనలో తాను, సన్నగా కూత పెడతాడు. అవతలివాడు గీత తాకేదాకా ఆపడు. కొన్నిసార్లు ఊపిరి చాలక మధ్యలో దగ్గొస్తుంది. దగ్గి, మళ్లీ అందుకుంటాడు.

కొత్త సీజన్ మొదటి రాత్రికి కుర్చీ సిద్ధంగా ఉంది. ఆ పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. చెవి ‘డ్డీ’ దగ్గర, కళ్లు మడమ మీద.