సీన్ పేపరు

ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణగారు హాస్యానికి పేరుమోసిన రచయిత. అలాంటి మనిషి మాటలతో మొదట విడుదలైన సినిమా 1962 నాటి ‘రక్తసంబంధం’. తమిళ ‘పాశమలర్’కి తెలుగు రూపం, అన్నాచెల్లెళ్ళ కన్నీటి కథ! నవ్వించడం తెలిసినవాడికే ఏడుపు ఎక్కడ ఆపాలో తెలుస్తుందని నా నమ్మకం.

ఎక్కడ ఆపాలో తేలేది సినిమా సీన్లు రాసే కాగితం, అంటే సీన్ పేపరు మీదే. చూడ్డానికి అది సాదా వస్తువు. కాగితాన్ని నిలువునా మడిచి, ఎడమపక్క కనబడేది, కుడిపక్క వినబడేది రాస్తారు. ఎడమపక్క ‘లాంచీ రేవు వదిలింది’ అని రాశాక, కుడిపక్క పాత్రచేత ‘అయ్యో, లాంచీ వెళ్ళిపోతోంది’ అనిపిస్తే ఆ మాట దండగ. కుడిపక్క ఎంత ఖాళీ ఉంచాలో తెలియడమే అసలు పనితనం. 1973లో దర్శకుడు బాపుగారి ‘అందాల రాముడు’కి రమణగారు గోదావరిమీద పడవలో సాగే భద్రాచలం ప్రయాణాన్నే కథ చేశారు. అంత ఇరుకు చోట అన్ని రకాల మనుషుల్ని ఇమిడ్చి, ఎవరి గోల వాళ్ళకిచ్చిన తీరుకు దండం పెట్టాలి.

మొదటి స్క్రిప్టు రాయబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పట్టిసీమ వచ్చి, వీరభద్రుడి గుడికెళ్ళే లాంచీలో ఓ పూట కూర్చోండి. ఎవరి మాట ఎక్కడ ఆగుతుందో వినండి. కలం తర్వాత పట్టొచ్చు.