శిలాఫలకం మీద లేని పేర్లు

మా ఊరి తెలుగు సంఘం హాలు గుమ్మం పక్కన ఒక నల్లరాతి ఫలకం ఉంది. ఆవిష్కరించిన మంత్రిగారి పేరు పెద్ద అక్షరాల్లో, స్థలదాత పేరు అంతకంటే కాస్త చిన్నగా, అధ్యక్ష కార్యదర్శుల పేర్లు అడుగున. చందా పుస్తకాలు మోసి, సిమెంటు బస్తాలు లెక్కపెట్టి, మునిసిపాలిటీ మెట్లు అరిగేలా తిరిగిన మా సంఘం గుమాస్తా పేరు అందులో లేదు. ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు.

రెండేళ్ళ కిందట మా అమ్మాయిని చూడడానికి జర్మనీ వెళ్ళినప్పుడు హాంబర్గు రేవులో ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ అనే సంగీతశాలను చూశాను. ఒక సాయంత్రం అందులో కూర్చుని కచేరీ విన్నాను. తిరిగి వచ్చాక దాని గురించి దొరికినంత చదివాను. చదివినవన్నీ దాదాపు ఒకే తీరు. వాస్తుశిల్పుల ఊహ అద్భుతం, ధ్వని శాస్త్రజ్ఞుడి చెవి అద్భుతం, ఖర్చు మాత్రం దారుణం. ఊహకూ చెవికీ పేర్లున్నాయి. ఖర్చుకు మాత్రం ‘అధికారులు’ అన్న ఒక్క మాటే ఉంది. ముప్పయ్యేళ్ళుగా బ్యాంకు కుర్చీలో కూర్చున్నవాణ్ణి కనుక ఆ మాట నాకు గుచ్చుకుంది. సంగీతం నేను చదువుకోలేదు. బి.కాం. చదివి అప్పుల దరఖాస్తులు చదివాను. కాబట్టి ఈ హాలును ఫైలు వైపు నుంచి చదవడం ఒక్కటే నాకు చేతనైన విమర్శ.

ముందు కట్టడం సంగతి. ఎల్బ నది ఒడ్డున 1960లలో కట్టిన ఇటుకల గిడ్డంగి ఒకటుంది. కోకో, తేయాకు, పొగాకు అక్కడ దించేవారు. కంటైనర్లు వచ్చాక దానికి పని పోయింది. ఆ గోడలను అలాగే ఉంచి, వాటి మీద అలలు లేచినట్టున్న గాజు భవనాన్ని నిలబెట్టారు. మొత్తం ఎత్తు 110 మీటర్లు. లోపల హోటలు, ఫ్లాట్లు, వాటి నడుమ 2,100 మంది కూర్చునే పెద్దశాల. ఓడల కూతలు లోపలికి రాకుండా ఆ శాలను 362 స్ప్రింగుల కట్టల మీద కూర్చోబెట్టారు. ద్రాక్షతోటలో మడుల్లాగా సీట్లు వేదిక చుట్టూ మెట్లుమెట్లుగా లేస్తాయి. వాద్యబృందాన్ని నడిపే కండక్టరుకు ఏ శ్రోతా 30 మీటర్లకు మించి దూరం ఉండడు.

గోడల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సుమారు 10,000 జిప్సం పలకలు, గవ్వ వీపులాగా గుంటలు పడి ఉంటాయి. ఏ రెండు పలకలూ ఒకటి కావు. శబ్దం ఎటు తగిలి ఎటు చెదరాలో జపాను ధ్వని శాస్త్రజ్ఞుడు యసుహిసా టొయోటా నిర్ణయించాడు. శాలకు పదోవంతు నమూనా కట్టించి అందులో పరీక్షలు చేశాడు. ఆయన కొలతల్ని పదివేల పలకల ఆకారాలుగా మార్చే కంప్యూటరు లెక్క రాసినవాడు బెంజమిన్ కోరెన్ అనే యువకుడు. హెర్జోగ్, ద మెరాన్ అనే స్విస్ వాస్తుశిల్పుల పేర్లు అందరికీ తెలుసు. టొయోటా పేరు సంగీతం తెలిసినవాళ్ళకు తెలుసు. కోరెన్ పేరు కోసం మాత్రం కాస్త వెతుక్కోవాలి.

అసలు ఈ ఊహ పుట్టింది కూడా వేరే బుర్రల్లో. అలెగ్జాండర్ జెరార్డ్ అనే కట్టడాల వ్యాపారి, ఆయన భార్య, కళాచరిత్ర చదివిన యానా మార్కో 2001లో ఈ ఆలోచన పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. 2003లో స్విస్ వాళ్ళ బొమ్మను ఊరికి చూపించారు. గిడ్డంగి నగరానిది, హోటలూ ఫ్లాట్లూ అమ్మిన లాభంతో సంగీతశాల లేస్తుంది, ఖజానాకు భారం ఉండదు అన్నది వాళ్ళ లెక్క. బొమ్మ చూసి ఊరు మురిసిపోయింది. మరుసటి ఏడు ప్రాజెక్టును నగరమే తీసుకుంది. ఆలోచన తెచ్చిన ఇద్దరూ మొదటి అధ్యాయంలోనే కథలోంచి బయటికి వెళ్ళారు.

ఇక అంకెలు. 2005లో నగరం వాటా 7 కోట్ల 70 లక్షల యూరోలు అన్నారు. 2007లో ఒప్పందం నాటికి అది సుమారు 11 కోట్ల 40 లక్షలైంది. 2008లో 32 కోట్ల 30 లక్షలు. చివరికి తేలింది 78 కోట్ల 90 లక్షలు, అంటే మొదటి మాటకు పదింతలు. దాతలిచ్చినవీ మిగతావీ కలిపితే మొత్తం 86 కోట్ల 60 లక్షల యూరోలు. అప్పటి మారకంలో మన ఆరువేల కోట్ల రూపాయల పైమాటే. 2010లో తెరవవలసిన హాలు 2017 జనవరి 11న తెరుచుకుంది.

దొంగతనం ఎక్కడ జరిగిందని మనవాళ్ళు ముందు అడుగుతారు. నాకు కనిపించిన తప్పు అంతకంటే మామూలుది. నగరం తన తరఫున పని చూడడానికి ‘రేగే’ అనే సొంత కంపెనీని పెట్టింది. ఆ కంపెనీ వాస్తుశిల్పులతో ఒక ఒప్పందం చేసుకుంది, కట్టే కంపెనీ హోఖ్‌టీఫ్‌తో వేరొకటి. గీసేవాడికీ కట్టేవాడికీ మధ్య ఏ కట్టుబాటూ లేదు. నక్షా ఆలస్యమైతే కాంట్రాక్టరు నగరానికి బిల్లు వేస్తాడు. పని తేడాగా ఉందని వాస్తుశిల్పి అంటే ఆ తగువూ నగరం గుమ్మంలోకే వస్తుంది. మధ్యలో కూర్చున్న కొద్దిమంది ఉద్యోగులు ఇద్దరి ఉత్తరాలూ అందుకుంటూ కూర్చున్నారు. అన్నిటికంటే ముఖ్యం, నక్షాలు పూర్తికాకముందే టెండరు పిలిచారు. ఎస్టిమేటు లేని ఇంటికి అప్పు మంజూరు చేసిన మేనేజరును మా బ్యాంకులో ఏం చేస్తారో పాఠకుల్లో బ్యాంకు వాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఎందుకంత తొందర? 2007 ఏప్రిల్ 2న శంకుస్థాపన. మరుసటి ఫిబ్రవరిలో నగరసభకు ఎన్నికలు. ఈ రెండు తేదీలకూ బంధుత్వం ఎంతో నేను తేల్చలేను. మా ఊళ్ళో అయితే ఎవరూ అడగరు కూడా.

మా ఊరి మాట వచ్చింది కనుక నా సంగతీ చెప్పాలి. మా హాలు కట్టినప్పుడు కోశాధికారిని నేనే. పైకప్పు ఏది వేయాలో తేలకుండానే పునాది వేద్దామన్న తీర్మానం మీద నా సంతకం ఉంది. మంత్రిగారి తేదీ దొరికింది మరి, పోగొట్టుకుంటామా? డబ్బు గోడల దగ్గరే అయిపోయింది. పైన రేకులు పడ్డాయి. మొదటి వానాకాలంలో ఒక పెద్ద విద్వాంసుడు వయొలిన్ వాయిస్తుంటే వాన మొదలైంది. ఆయన కమాను కదులుతూనే ఉంది, మాకు రేకుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పావుగంట చూసి ఆయన వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, వాన వెలిసేదాకా మాతో పాటు వాన విన్నారు. ఒక్క మాట అనలేదు. ఆ పావుగంట నేను మరచిపోలేదు. హాంబర్గు ఉద్యోగుల తప్పును ఎగతాళి చేయడానికి నాకు నోరు రాకపోవడానికి కారణం అదే.

అక్కడా గొడవ పైకప్పు దగ్గరే ముదిరింది. పెద్దశాల కప్పు బలం విషయంలో పేచీ వచ్చి 2011 చివర్లో కాంట్రాక్టరు పని ఆపేశాడు. ఏడాదికి పైగా సగం కట్టిన భవనం నది మీద అలాగే నిలిచింది. సిటీ శాసనసభ విచారణ సంఘాన్ని వేసింది. 2014లో వచ్చిన ఆ నివేదిక ఆరువందల పేజీలకు పైబడింది. తప్పును ఒక్కరి నెత్తిన రుద్దకుండా నగర కంపెనీకీ, రాజకీయ నాయకులకూ, వాస్తుశిల్పులకూ, కాంట్రాక్టరుకూ పంచింది. ఆ హాలు మీద వచ్చిన విమర్శల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. గాజు మీద పడే సూర్యకాంతిని వర్ణించే వ్యాసాలు ఎన్నైనా వస్తాయి. ఏ ఉత్తరానికి ఎవరు ఎప్పుడు జవాబివ్వలేదో రాయడానికి ఓపిక కావాలి.

పనిని గట్టున పడేసింది కూడా ఆఫీసు గదులే. 2011లో సాంస్కృతిక శాఖ బాధ్యత తీసుకున్న బార్బరా కిస్లర్, అప్పటి మేయరు ఒలాఫ్ షోల్ట్స్ (2021లో జర్మనీ ఛాన్సలర్ అయినాయన) కాంట్రాక్టరుతో బేరానికి కూర్చున్నారు. 2013లో కొత్త ఒప్పందం కుదిరింది. ధర స్థిరం, కట్టడం బాధ్యతంతా కాంట్రాక్టరుది, వాస్తుశిల్పులతో అతనే కలిసి పనిచేయాలి, అప్పగింత 2016 అక్టోబరు 31. ఆ తేదీ తప్పలేదు. ధర తక్కువేమీ కాదు, నగరం చాలా ఎక్కువే కట్టింది. కానీ అప్పటినుంచి తగువుకు ఒక్క గుమ్మం మిగిలింది. నా లెక్కలో ఆ కాగితం గాజు అలల కంటే తక్కువ సృష్టి కాదు. కిస్లర్ మాత్రం హాలు తెరవడం చూడలేదు. అప్పగింతకు కొన్ని వారాల ముందు, అదే అక్టోబరులో జబ్బుతో కన్నుమూసింది.

ఈ బృందంలో నాకు బాగా నచ్చినవాడు ఇంకొకడున్నాడు. వియన్నాలో పేరున్న సంగీతశాలను నడిపిన క్రిస్టోఫ్ లీబెన్-జాయిటర్‌ను 2007లో కొత్త హాలు డైరెక్టరుగా రప్పించారు. మూడేళ్ళలో చేతికొస్తుందన్న హాలు పదేళ్ళకు గానీ రాలేదు. ఆ పదేళ్ళూ ఆయనా, ఆయన ఆఫీసు వాళ్ళూ 1908 నాటి పాత లైస్‌హాలులోనూ, ఊళ్ళో మరెన్నో చోట్లా కచేరీలు పెట్టారు. ఊరంతా ఆ హాలు పేరు చెబితే నవ్వుతున్న రోజుల్లో ఆ పేరుమీద టిక్కెట్లు అమ్మారు. హాలు తెరిచాక మొదటి ఏడాది సీట్లన్నీ దాదాపు అమ్ముడయ్యాయంటే, దాని పునాది ఆ పదేళ్ళలో పడింది. గోడలకు ముందే శ్రోతల్ని కట్టారు. మనం చేసేది సరిగ్గా దీనికి తిరకాసు.

హాలు ఎలా ఉంది? వాద్యానికి నిర్దయగా స్వచ్ఛం. నేను వెళ్ళిన రాత్రి వేదిక మీద కాగితం తిప్పితే వినబడింది, నాకు నాలుగు వరసల అవతల ఎవరో దగ్గును మింగితే అదీ వినబడింది. మన సభల్లో కాఫీ గ్లాసుల చప్పుడుకు అలవాటుపడ్డ చెవికి మొదట్లో భయం వేస్తుంది. గాత్రం మాత్రం దీని బలహీనత. 2019 జనవరిలో యోనాస్ కౌఫ్‌మన్ అనే ప్రసిద్ధ గాయకుడు మాలర్ రచన పాడుతుంటే, వినబడడం లేదని శ్రోతలు కొందరు అరిచారు, కొందరు లేచి వేరే సీట్లు వెతుక్కున్నారు. వేదిక చుట్టూ మనుషుల్ని కూర్చోబెడితే గాయకుడి వీపు కొందరికి తప్పదు. పలకలు ఎంత తెలివైనవైనా వీపును ముఖం చేయలేవు. ఏ పాటకు ఏ సీట్లు అమ్మాలి, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి అన్నది ఇక కార్యక్రమాలు వేసే ఉద్యోగులు రోజూ తీర్చుకోవలసిన లోపం.

హాలు ఇంత గొప్పగా వచ్చాక ఖర్చు ఎవరికి గుర్తుంటుంది అని అక్కడివాళ్ళు కొందరు అంటారు. మా అల్లుడూ అన్నాడు. ఆ వాదన నాకు రుచించలేదు. పన్ను కట్టినవాళ్ళలో ఆ మెట్లు ఎన్నడూ ఎక్కనివాళ్ళున్నారు. వాళ్ళ తరఫున గుర్తుపెట్టుకోవలసినవాళ్ళు ఒకరైనా ఉండాలి.

మా హాలు ఇప్పుడు పెళ్ళిళ్ళకు అద్దెకు పోతోంది. ఏడాదికి రెండు కచేరీలు, ఒక ఉగాది కవిసమ్మేళనం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. మైకుల వాడికి ఫోను చేసేదీ, కుర్చీలు తుడిపించేదీ, పిల్లలకు తెలుగు పాట వినిపించాలని ఇల్లిల్లూ తిరిగేదీ జీతం లేని ఆ గుమాస్తాగారే. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. కర్ణాటకలో, ఒరిస్సాలో, మహారాష్ట్రలో నేను బదిలీల మీద తిరిగిన ఊళ్ళలో మన తెలుగు హాళ్ళు చాలా చూశాను. గోడలకు దాతలు దొరకని ఊరు లేదు. నెలకింత జీతం ఇచ్చి ఒక మనిషిని పెడదామంటే, అందుకు మాత్రం చందా ఎవరిస్తారు అంటారు. జీతానికి ఫలకం ఉండదు కదా!

వచ్చే నెల మా సర్వసభ్య సమావేశం. కార్యక్రమాలు చూసుకోవడానికి జీతంమీద ఒకరిని పెట్టాలని తీర్మానం రాసి ఇచ్చాను. ఏడో అంశంగా వేశారు. ఆరోది శిలాఫలకానికి కొత్తగా బంగారు రంగు వేయించడం.