ఏమీ చెయ్యకపోవడం ఎంత పనో!

ఏమీ చెయ్యకుండా పంట పండించవచ్చు అని ఎవరైనా అంటే మగవాళ్ళ సంగతేమో గాని, ఆడవాళ్ళం మాత్రం చెవి ఒగ్గి వింటాం. తెల్లవారి లేచింది మొదలు చేస్తూనే ఉండేవాళ్ళం కదా! అందుకే మసనోబు ఫుకువోకా రాసిన 'గడ్డిపరకతో విప్లవం' మా ఇంట్లోకి వచ్చిన వారానికే బీరువాలోంచి దిగి వంటింటి అలమరలో కందిపప్పు డబ్బా పక్కకి చేరింది. పోపు వేగుతుంటే ఓ పేజీ, పాలు పొంగేలోగా ఓ పేజీ. అలా రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి మోసపోయాను. రెండోసారి చదివితే తెలిసింది, మోసం చేసింది ఆయన కాదు, నేనే సరిగ్గా చదవలేదని.

ముందు పుస్తకం సంగతి చెబుతాను. జపాను భాషలో 1975లో, ఇంగ్లీషులో 1978లో వెలువడిన పుస్తకం ఇది. రచయిత 1913లో పుట్టి 2008లో పోయాడు. ఊరు షికోకు దీవిలో. పుట్టుకతో రైతుబిడ్డే అయినా, మొక్కల తెగుళ్ళ గురించి చదువుకుని, యొకొహామా రేవులో కస్టమ్సు వారి దగ్గర మొక్కల్ని పరీక్షించే ఉద్యోగం చేశాడు. ఇరవై అయిదో ఏట పెద్ద జబ్బు చేసి లేచాక, ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టి ఊరికి వచ్చేశాడు. 1988లో మెగసేసే బహుమతి అందుకున్నాడు.

ఆయన సూత్రాలు నాలుగే. దున్నవద్దు. రసాయనిక ఎరువు గాని, పనిగట్టుకుని తయారుచేసిన కంపోస్టు గాని వెయ్యవద్దు. దున్ని గాని, మందు కొట్టి గాని కలుపు తియ్యవద్దు. పురుగుమందుల మీద ఆధారపడవద్దు. వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే తరవాతి పంట విత్తనాలు చల్లేస్తాడు. కోత అయ్యాక గడ్డంతా తిరిగి ఆ చేలోనే పరిచేస్తాడు. పేరులోని గడ్డిపరక అదన్నమాట. పిట్టలు ఏరుకు తినకుండా విత్తనాల్ని బంకమట్టిలో ఉండలు చేసి విసురుతాడు. అందరూ "ఇది చేస్తే ఎలా ఉంటుంది, అది చేస్తే ఎలా ఉంటుంది" అని పనులు పెంచుకుంటూ పోతే, ఈయన "ఇది మానేస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. ఎంత చక్కని ప్రశ్న! మన వంటిళ్ళలో కూడా ఎవరైనా ఒకసారి అడిగితే బాగుండునని అక్కడ పెన్సిలుతో గీత గీసుకున్నాను.

గీత గీసుకుని ఊరుకుంటే పోయేది. మా ఇంటి వెనక, ప్రహరీగోడకీ వంటింటికీ మధ్య రెండు మంచాలు పట్టేంత జాగా ఉంది. ఆషాఢంలో వానలు పడగానే గోంగూర, తోటకూర, బెండ, బీర గింజలు గుప్పిళ్ళతో ఆ గడ్డిలోకి విసిరి చేతులు దులుపుకున్నాను. కలుపు తియ్యలేదు. నీళ్ళు పొయ్యలేదు. నవల పూర్తిచేసే తొందరలో అటు తొంగి కూడా చూడలేదు. చీమలు మోసుకుపోయినవి పోగా, మొలిచిన కాసినీ తుంగ కింద పడి నలిగిపోయాయి. మావారు కిటికీలోంచి చూసి, "పాములకి ఇల్లు కడుతున్నావా ఏమిటోయ్?" అన్నారు. జపాను పెద్దాయన పేరు చెప్పి నోరు మూయించాను.

దసరాకి మా అమ్మ వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని పెరట్లో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది.

"ఏమే, వదిలేశావుటే?" అంది.

"వదిలెయ్యడం కాదమ్మా, ప్రకృతికే అప్పగించాను."

"అప్పగిస్తే మాత్రం? పిల్లని అత్తారింటికి పంపాక మళ్ళీ కబురు కనుక్కోమా?"

మా అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయి, రాత్రి మళ్ళీ పుస్తకం తీశాను. తీస్తే, మొదట్లోనే ఉంది! ఉద్యోగం మాని ఇంటికి వచ్చిన కొత్తలో ఈయనా నాలాగే చేశాడు. తండ్రి పెంచిన నారింజ తోటని కత్తిరింపు లేకుండా ప్రకృతికే వదిలేశాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి కత్తిరింపుకి అలవాటుపడిన చెట్లవి. కొమ్మలు చిక్కులు పడి, పురుగు పట్టి తోట ఎండిపోయింది. తండ్రి చెట్లని చంపుకుని నేర్చుకున్న మాట ఒకటే: వదిలెయ్యడం వేరు, ప్రకృతితో కలిసి పెంచడం వేరు. పుస్తకానికి ప్రాణం ఈ పేజీయేనని ఇప్పుడంటాను. మొదటిసారి దీన్ని కథలా చదివేసి, 'ఏమీ చెయ్యక్కర్లేదు' అన్న మాట ఒక్కటే కొంగున ముడేసుకున్నాను.

ఇంకో పేజీ కూడా నా కళ్ళు దాటిపోయింది. గడ్డిలో కూరగాయల్ని అడవిమొక్కల్లా పెంచడం కొండవాలున ఉన్న తోటకి ఆయన చెప్పిన మాట. అక్కడ కూడా పైరు అందుకునేదాకా రెండు మూడుసార్లు గడ్డి కోసి అక్కడే పరవమన్నాడు. నాలుగు రోజులు వాన పట్టే అదను చూసి చల్లమన్నాడు. ఇంటి పెరటికైతే వేరే మాట చెప్పాడు: పెంట, చెత్త మాగేసిన మట్టిలో, కాలానికి తగిన కూరలు వేసుకుంటే చాలు. పాతకాలపు జపాను పెరట్లో పళ్ళచెట్ల కింద పిల్లలు ఆడుకోవడం, వంటింటి మిగులు తిని పందులు నేల కుళ్ళగించడం వర్ణించాడు. చదువుతుంటే పందుల చోట మా బర్రెని పెడితే చాలు, మా అమ్మ పెరడే!

ఇదిగో, ఇక్కడే ఆయనతో నా పేచీ. కొండకీ వరిచేనుకీ అన్ని పేజీలు రాసినవాడు, పెరటి దగ్గరికి వచ్చేసరికి 'చాలు' అని తేల్చేశాడు. చాలేమిటి స్వామీ? కుడితి బర్రెకి, కూరగాయల కడుగునీళ్ళు అరటికి, గిన్నెలు తోమిన నీళ్ళు బచ్చలికి అని పంచింది ఎవరు? చిక్కుడుకి పేను పడితే తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే పొయ్యిలో బూడిద చల్లింది ఎవరు? ఆషాఢంలో చిక్కుడుగింజ నాటి, పందిరి వేసి, సంక్రాంతికి కూరా, రథసప్తమికి రథమూ, పరమాన్నం వడ్డించడానికి ఆకులూ అమర్చింది ఎవరు? ఆ 'చాలు' అన్న మాటలో ఒక ఆడమనిషి రోజంతా ఇమిడిపోయింది. పైగా దేశం కూడా వేరు. వాళ్ళకి జూన్, జూలైలలో వానలు. ఆయన చేలో పరిచే క్లోవరు చల్లని నేలకి అచ్చొచ్చేది. మాఘం నుంచి మృగశిర దాకా చుక్క నీరు రాలని మన కోస్తాలో నీళ్ళు పొయ్యకుండా మొక్క నిలవదు. అక్కడి పద్ధతి ఎత్తి ఇక్కడ నాటకూడదు. ఈ మాటకి ఆయన కూడా కాదనడని నా నమ్మకం.

మనిషికి నిజంగా ఏమీ తెలియదు అని ఆయన పుస్తకం పొడుగునా అంటాడు. మొక్కల శాస్త్రం చదివి, దశాబ్దాలపాటు రోజూ చేను చూసుకున్నవాడు 'నాకు తెలియదు' అంటే అందం. నాలాంటి బి.ఏ. గారు, గోంగూర ఏ నెలలో వెయ్యాలో తెలియనిది, అదే మాట అంటే పెరడు బీడవుతుంది.

ఇంతకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది పుస్తకం కాదు. మా నాన్న పోయాక అమ్మ పేర ఒక దరఖాస్తు నింపవలసి వచ్చింది. 'వృత్తి' అన్న చోట నా చేత్తో నేనే 'ఏమీ లేదు' అని రాశాను. నా నవలలూ అంతే. అన్నింటిలోనూ అమ్మలున్నారు. తులసికోటకి నీళ్ళు పోస్తారు, నిట్టూరుస్తారు. ఏ ఒక్కతీ విత్తనం దాచదు. మా అమ్మ మాత్రం ఊదారంగు అంచున్న చిక్కుడు గింజల్ని, పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి, ఏటా బూడిదలో కలిపి సీసాలో పోసి అటక మీద దాచేది. బాగా ఎదిగిన కాయలకి గుడ్డపీలిక కట్టి, "వీటిని ముట్టుకుంటే చేతులు విరుగుతాయి" అని మమ్మల్ని బెదిరించేది. ఇల్లు అమ్మినప్పుడు అటక మీది సామాను ఎవరో దింపారు. సీసా ఏమైందని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. తోచవలసినదాన్ని నేను. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. అదే చెట్టు గురించి జపానులో ఒకాయన రాస్తేగాని నాకు కళ్ళు తెరుచుకోలేదు.

అయినా ఈ పుస్తకం కొని చదవండనే చెబుతాను. చదివేటప్పుడు నారింజ తోట చచ్చిపోయిన పేజీ రెండుసార్లు చదవండి. పెరటి పేజీ దగ్గర ఆగి, అక్కడ ఆయన రాయనిదంతా మీ అమ్మనో అత్తగారినో అడిగి పక్కన రాసుకోండి. వాళ్ళు ఉండగానే అడగండి.

మా పెరట్లో ఆ ఏడు బతికింది ఒక్కటే. గిన్నెలు కడిగే తూము పక్కన ఎవరూ వెయ్యకుండా మొలిచిన గుమ్మడి. వంటింటి చెత్తలోంచి లేచి, కడుగునీళ్ళు తాగి, ప్రహరీగోడ ఎక్కింది. సంక్రాంతికి దాని కాయతోనే దప్పళం పెట్టాం. అమ్మ గింజలు కడిగి ఆరబెట్టి, "బూడిద ఏదే?" అంది. గ్యాసుపొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడిది? వీధి చివర ఇస్త్రీబండి అతన్ని అడిగి పొట్లం కట్టించుకు వచ్చాను.

ఆ మధ్యాహ్నమే అమ్మ పేర ఇంకో దరఖాస్తు నింపుతున్నాను. మళ్ళీ 'వృత్తి' అన్న గడి. కలం ఆగిపోయింది.

"ఏం రాయనే అమ్మా?" అన్నాను.

"ఏం రాస్తావు? ఏమీ లేదనే రాయి" అంది, గింజల్ని బూడిదలో పొర్లిస్తూ.