సొంతూళ్ళో లాడ్జి

ప్రొద్దుటూరు లాడ్జిలో రిజిస్టరు నింపుతుంటే 'ఏ ఊరు?' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పుట్టిందీ ఇక్కడే, పదో తరగతి దాకా చదివిందీ ఇక్కడే. ఆ మాట రాస్తే కౌంటర్లో కుర్రాడు మమ్మల్ని ఎలా చూస్తాడో! హైదరాబాదు అని రాసి తాళం తీసుకున్నాను.

డిసెంబరులో మూడు రోజులు మేమిద్దరమే ఎటైనా పోదామనుకున్నాం. పిల్లల్ని చూసుకోవడానికి అమ్మ ఇంటికి తాళం వేసుకుని హైదరాబాదు వచ్చేసింది. ఆయన గోవా అన్నారు, పాండిచ్చేరి అన్నారు. చూడ్డానికి కాదు, తినడానికి పోదామన్నాను. "అయితే మీ ఊరే పోదాం. ఇన్నేళ్ళలో మీ ఊళ్ళో మీ అమ్మ చేతి వంట తప్ప ఇంకేం తిన్నాను?" అన్నారు. ఆలోచిస్తే నేను తిన్నదీ అంతంతే. పుట్టింటికి పోయి హోటలు మెట్లెక్కితే అమ్మ పొయ్యిని చిన్నచేసినట్టే. అందుకే ఏ ఊళ్ళో ఏ హోటలు బాగుంటుందో ఆ ఊరి ఆడపడుచును మాత్రం అడక్కండి.

ఇంకొకటి కూడా ఉంది. పెద్దవాడు పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కడ కూర్చున్నా మా నోట వచ్చే మొదటి మాట 'కారం తక్కువెయ్యండి' అని. కడప జిల్లాలో పుట్టి, పప్పులోకి మిరపకాయలు లెక్కబెట్టి వేసే స్థితికి వచ్చాను.

బంగారం అంగళ్ళకీ బట్టల వ్యాపారానికీ ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. ఆయన ఆ భయంతోనే బస్సు దిగినట్టున్నారు. నేను బజారు వైపు తిరక్కుండా దోసెల బండి వైపు నడిస్తే ఊపిరి పీల్చుకున్నారు.

బండి ఆయన పెనం మీద నీళ్ళు చిలకరించి పొరకతో ఒక్క తుడుపు తుడిచాడు. పిండి పోసి, మరీ పలుచన కాకుండా తిప్పాడు. అంచులు లేస్తుండగా ఎర్రకారం తీసి గరిటె వెనక వైపుతో దోసె అంతా పూశాడు. మీద పప్పుల పొడి చల్లి నూనె వదిలాడు. తిరగెయ్యలేదు, అలాగే మడిచాడు. ఎర్రకారమంటే ఎండు కారప్పొడి కాదు. నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి రుబ్బిన ముద్ద. (ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ అని మా గోదావరి మనిషికి ఇప్పటికీ ప్రతిసారీ చెప్పాలి.) పచ్చి ఎర్రగడ్డ వాసన పెనం వేడికి సగమే పోతుంది. ఆ మిగిలిన సగంలోనే ఉంది రుచంతా.

పెనం మీది నుంచి నేరుగా నా పళ్ళెంలోకి వచ్చింది దోసె. ఇంట్లో నా దోసె ఎప్పుడూ ఆఖరిది, పిండిగిన్నె కడిగిన నీళ్ళు కలిపి పోసుకునేది. వేడి దోసె తినడం మర్చిపోయానని ఆ పూటే తెలిసింది. తొందరపడి వేలు కాల్చుకున్నాను, నాలుకా కాల్చుకున్నాను. రెండోది చెప్పినప్పుడు అలవాటుకొద్దీ 'కారం తక్కువ' అనేశాను. బండి ఆయన నా ముఖం వంకా, చుట్టుపక్కలా చూశాడు. పిల్లలెవరూ కనిపించలేదు.

మూడోది సగంలో ఉండగా వెనక నుంచి పిన్ని గొంతు. "ఏమే, ఎప్పుడొచ్చినావు? మీయమ్మ ఊర్లో లేకపోతే మాకు పొయ్యి లేదా? అల్లున్ని తెచ్చి బండి కాడ నిలబెడ్తావా?" ఆయన చేతిలో ప్లేటు దాచడానికి చోటు లేదు. వెళ్ళే ముందు రాత్రి భోజనానికి వస్తామని ఒప్పుకుంటేగానీ వదల్లేదు. లాడ్జి సంగతి మాత్రం చెప్పలేదు.

మర్నాడు జమ్మలమడుగు. ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల రైలు మార్గం వచ్చాక ఈ రెండు ఊళ్ళకీ రైలూ ఉంది, కానీ దాని వేళకి మనం తినలేం. కారు మాట్లాడుకున్నాం. దారిలో నాపరాళ్ళ లోడు లారీలు ఎదురొచ్చాయి. ఈ రాయినే బొంబాయిలో 'కడప్పా' అంటారు, వంటింటి గట్లకు వేస్తారు. ఎవరెవరి ఇళ్ళలోనో మా జిల్లా మీద పొయ్యి వెలుగుతోందన్నమాట.

మెస్సులో సంగటి, నాటుకోడి పులుసు. వంటామె పని చూస్తానంటే లోపలికి రమ్మంది. ఉడుకుతున్న నూకల మధ్యలో రాగిపిండి గుట్టగా పోసింది, కలపలేదు. కట్టెతో నడుమ గుంత చేసి మూత పెట్టింది. ఆవిరి ఆ గుంతలోంచి పైకి తన్ని పిండిని మగ్గబెట్టాలి. తర్వాత గిన్నెను కింద పెట్టి, జారకుండా రెండు కాళ్ళతో అదిమిపట్టి, కట్టెతో గెలికింది. భుజాల నుంచి వచ్చే బలం అది. మిక్సీ పట్టిన నా చేతుల్లో లేదు. ఎక్కడైనా పిండి ఉండ మిగిలిందంటే ఆ పూట వంటామె పరువు పోయినట్టే. తడిచేత్తో ముద్ద చేసి, నడుమ గుంత నొక్కి నెయ్యి పోసి పెట్టింది.

ఆయన ముద్ద తుంచి బుద్ధిగా నమిలారు. నమిలేకొద్దీ అది పళ్ళకు అంటుకుంటోంది. ఆమె చూడలేకపోయింది. "అది నమిలేది కాదు నాయనా. పులుసులో అద్దుకోని మింగాల. గొంతుకు తెలుస్తాది దాని రుచి." తినడానికీ పనితనం కావాలని ఆయన అప్పుడే ఒప్పుకున్నారు. నాలుగో ముద్దకు పట్టు దొరికింది, ఆరో ముద్దకు మాట్లాడ్డం మానేశారు.

అంత తిని గండికోటకు పోవడం తెలివైన పని కాదు. పదిహేను కిలోమీటర్లే, కానీ కోటలో నడవాలి. పెన్నా లోయ దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటే మేము ధాన్యాగారం చల్లదనంలో కూలబడ్డాం. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియె గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకు వచ్చాడు. "ఆయనకూ సంగటి పెట్టుంటారా?" అన్నారు ఆయన కళ్ళు మూసుకునే. కప్పు దాకా ధాన్యం నిండినప్పుడు ఈ గది ఎలా ఉండేదో ఊహించుకుంటూ నేనూ ఓ కునుకు తీశాను.

పులివెందులకు ముద్దనూరు మీదుగా పోయాం. మూడో రోజు పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నీళ్ళలో ముంచి పిండడంలోనే ఉంది కిటుకు. ఒక్క క్షణం ఆలస్యమైతే ముద్దవుతాయి. తర్వాత చీనీకాయ రసం, ఉప్పేసుకుని. చీనీ, అరటి తోటల మధ్య ఆ రోజంతా అన్నం వాసన చూడలేదు.

ఆ రాత్రికి మళ్ళీ ప్రొద్దుటూరు, పిన్ని ఇల్లు. ఓలిగలు, అలసంద వడలు, చెనక్కాయల ఊరుబిండి, ఆఖర్న ఎర్రకారం దోసె. మూడు రోజుల సాధనతో ఆయన ధైర్యంగా పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. ఆగారు. నా వైపు చూశారు. నేనూ తుంచుకుని తిన్నాను. చప్పగా ఉంది.

"గోదారాయన గదా," అంది పిన్ని, ఇంకో దోసె వడ్డిస్తూ, "తగ్గించి నూరినా."