తినేచోట చుట్టుకునే రొట్టె

పొద్దున ఏడున్నరకు సూర్యాపేట బస్టాండులో నిలబడితే కోదాడ, మిర్యాలగూడ బస్సులెక్కే వాళ్ల భుజాలకు ఒక సంచి తప్పకుండా కనిపిస్తుంది. టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, రైస్ మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్లు. ఆ సంచిలో ఉండేది మధ్యాహ్నం తిండి. ఎక్కువమందికి అది అన్నం, కూర, పెరుగు ఉన్న మూడు గిన్నెల క్యారియర్. ఒంటిగంటకు తినాలనుకుంటారు, రెండవుతుంది. నలుగురు పిలుస్తుంటే పది నిమిషాల్లో ముగించి లేస్తారు. అన్నం చల్లారి గడ్డకట్టి ఉంటుంది, కూర కారి సంచికి జిడ్డు అంటుకుని ఉంటుంది.

మా ఇంట్లో ముగ్గురిదీ ఇదే బతుకు. నా ఉద్యోగం సూర్యాపేటలోనే. ఆయన కోదాడ పోయి వస్తారు, అమ్మాయి మిర్యాలగూడకు. అందుకే త్వరగా అయ్యేది, ఒంటికి మంచిది, చేత్తో పట్టుకుని తినగలిగేది ఏముందా అని వెతుకుతూ చికెన్ రోల్ దగ్గరికి వచ్చాను. సాయంత్రం బండ్ల మీద దొరికే రోల్ కాదు. జొన్న రొట్టెలో, పొడిగా వేయించిన కోడిమాంసం పెట్టి చుట్టుకునేది.

జొన్న రొట్టే ఎందుకంటే, అది ఈ నేల తిండి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు చేరాక ఈ ప్రాంతం వరి మాగాణి అయింది. మిర్యాలగూడ చుట్టూ మిల్లులు లేచాయి. అంతకుముందు చెరువు కింది మళ్లలో మాత్రమే వరి ఉండేది. మెట్ట చేలన్నీ జొన్న, సజ్జ. మా అత్తమ్మ చిన్నప్పుడు వాళ్లింట్లో పొద్దున గటక, రాత్రి రొట్టె. అన్నం పండుగ నాడు, చుట్టాలొచ్చిన నాడు. కాలువ వచ్చాక మూడు పూటలా అన్నమే అయింది. ఆకలి చూసిన వాళ్లకు తెల్లటి అన్నం ఎంత గొప్పదో నాకు తెలుసు. 2025 ఉగాది నాడు రేషన్ షాపుల్లో సన్నబియ్యం పథకాన్ని మన హుజూర్‌నగర్‌లోనే మొదలుపెడితే ఊళ్లలో ఎంత సంబరపడ్డారో చూశాం. వరిని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. పొద్దంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు మూడు పూటలా అదే ఎందుకన్నదే నా మాట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే, జొన్నల్లో 10 గ్రాములు. ప్రొటీన్ బియ్యంలో 8 గ్రాములకు దగ్గర, జొన్నల్లో 10. తోలు తీసిన కోడి రొమ్ము మాంసంలో ప్రొటీన్ సుమారు 22 గ్రాములు. పావుకిలో బోన్‌లెస్ ఇద్దరికి పంచితే తలా 25 గ్రాములు దాటుతుంది. నాలుగింటికి కళ్లు మూతలు పడకుండా, బస్సు దిగి ఇంటికొచ్చేదాకా ఆకలి కాకుండా ఉండడానికి ఈ లెక్క చాలు.

ఇక చేసే పద్ధతి. మొదట పిండి సంగతి చెప్పాలి, ఎందుకంటే రొట్టె విరిగితే ఇంకేమీ లేదు. ప్యాకెట్ పిండి ఎప్పుడు పట్టిందో మనకు తెలియదు. జొన్నపిండి పాతబడితే జిగి పోతుంది, ఎంత పిసికినా అంచులు పగులుతాయి. పచ్చజొన్నలో తెల్లజొన్నలో కొనుక్కుని కొద్దికొద్దిగా గిర్నీలో పట్టించుకోవడం మేలు. నేను పీట ముందు కూర్చుంటే చాలు, ఇప్పటికీ అత్తమ్మ అడిగే మొదటి మాట ఇదే: "పిండి ఎప్పుడు పట్టిచ్చినవ్ బిడ్డా?" రొట్టె విరిగిందంటే ఆమె నా చేతిని అనదు, పిండినే అంటుంది.

గోధుమలో ఉండే సాగే గుణం జొన్నలో లేదు. ఆ లోటు తీర్చేది మరిగే నీళ్లు. గ్లాసు పిండికి దాదాపు గ్లాసు నీళ్లు. నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి తెర్ల కాగాక పిండిలో పోసి, గరిటె కాడతో కలిపి మూతపెట్టాలి. ఆ వేడికి పిండి సగం ఉడికి జిగి వస్తుంది. చెయ్యి ఓర్చుకునేంత వేడికి దిగాక అరచేతి అడుగుభాగంతో నొక్కి నొక్కి మెదపాలి. ఇక్కడ తొందర పనికిరాదు. ముద్దను వేలితో నొక్కితే అంచు పగలకుండా గుంట పడాలి, అప్పుడే ఆపాలి. పొడిపిండి చల్లిన పీట మీద ముద్దను పెట్టి, ఒక చేత్తో తట్టుతూ రెండో చేత్తో తిప్పుతూ పలుచగా చేసుకోవాలి. పెనం మీద వేశాక పైన తడిబట్టతో తుడిచి, ఆ తడి ఆరగానే తిప్పాలి. మామూలుగా మనం రొట్టెను కరకరలాడేదాకా కాలుస్తాం, అట్లయితే నాలుగు రోజులు నిలవ ఉంటుంది. చుట్టుకునే రొట్టెను అంతసేపు ఉంచొద్దు. రెండు వైపులా మచ్చలు పడి, పొంగి దిగగానే తీసి బట్టలో చుట్టిపెట్టాలి. ఒకదాని మీద ఒకటి పెడితే వాటి ఆవిరికే మెత్తబడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మూడో వంతు గోధుమపిండి కలుపుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు.

చికెన్ పని రాత్రే సగం అయిపోవాలి. షాపులో "అన్నా, బోన్‌లెస్, చిటికెన వేలంత సన్నగ కోసియ్యి" అంటే కోసిస్తారు. ముక్క సన్నగా ఉంటే పొద్దున పది నిమిషాల్లో వేగుతుంది. బిర్యానీ ముక్కలు తెచ్చుకుంటే అరగంట పొయ్యి దగ్గరే. ఇంటికి తెచ్చాక నల్లా కింద పెట్టి జోరుగా కడగొద్దు. ఆ తుంపరలతో పచ్చిమాంసంలోని క్రిములు గట్టు మీదికి, పక్కన పెట్టిన గ్లాసుల మీదికి పోతాయి. కడగకపోతే మనసొప్పని వాళ్లు గిన్నెలో నెమ్మదిగా కడిగి, ఆ తర్వాత సింకు, కత్తి, చేతులు సబ్బుతో తోముకోవాలి. ఉప్పు, పసుపు, కారం, ధనియాల పొడి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, రెండు చెంచాల గట్టి పెరుగు పట్టించి మూతపెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచాలి. పై అరలో పెడితే కారి కూరగాయల మీద పడుతుంది.

పొద్దున ఇనుప పెనం బాగా కాలనిచ్చి, ఒక చెంచా నూనె రాసి, ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. పరిచాక గరిటె పక్కన పెట్టండి. మొదట నీళ్లు ఊరుతాయి. అవి ఊరుతుంటే కలబెట్టాలని చెయ్యి ఊరుకోదు. కలబెడితే చికెన్ ఆ నీళ్లలో ఉడుకుతుంది, వేగదు. ఆ నీళ్లు వాటంతట అవే ఇగిరి, చప్పుడు మారి, అంచులు ఎర్రబడ్డాక ఒకసారి తిప్పాలి. అన్నిటికంటే మందంగా ఉన్న ముక్కను విరిచి చూస్తే లోపల గులాబీ రంగు ఉండకూడదు. దింపాక నిమ్మరసం, కొత్తిమీర.

బాగా ఉడకాలని ఊరికే అనడం లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల బండ్లను వెనక్కి పంపారు. కోదాడ పక్కన రామాపురం క్రాస్‌రోడ్డు మనకు ఆంధ్ర సరిహద్దే కాబట్టి ఆ భయం ఈ ఊళ్లలో ఇంటింటికీ తెలిసింది. చికెన్ షాపులు వెలవెలబోయాయి. మాంసం లోపలిదాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే ఆ వైరస్ బతకదని అప్పుడే అందరూ చెప్పారు. ఆ జాగ్రత్త ఆ నెలతో తీరిపోయేది కాదు.

రోల్ అనగానే పిల్లలు అడిగేది మయోనైజ్. బయట కొన్న రోల్‌కు తడి, రుచి వచ్చేది దానివల్లే. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాదులో మోమోలు తిని కొందరు జబ్బుపడి, ఒకరు చనిపోయాక తీసుకున్న నిర్ణయం అది. నిషేధం సంగతి పక్కన పెట్టినా, మన ఎండలకు ఆ పదార్థం డబ్బాలో పెట్టదగింది కాదు. దాని బదులు మా ఇంట్లో వేయించిన నువ్వుల పొడి వాడతాం. నువ్వులు, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, ఉప్పు కలిపి దంచిన పొడిని రొట్టె మీద చల్లితే కమ్మదనం వస్తుంది, పైగా చికెన్ నుంచి దిగే తడిని అది పీల్చుకుంటుంది. పచ్చడి కావాలంటే పుదీన, కొత్తిమీర, పచ్చిమిర్చి నీళ్లు పోయకుండా నూరుకోవాలి. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, కీరదోస, ఉల్లిగడ్డ చికెన్‌తో సమానంగా ఉండాలి. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని ఉంది. వాటికి ఇంట్లో ఉప్పు కలపొద్దు, మధ్యాహ్నానికల్లా నీరు వదులుతాయి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. జొన్న రొట్టె రోల్‌ను పొద్దున ఇంట్లో చుట్టి పంపకండి. వేడి చికెన్‌ను చుట్టేస్తే ఆవిరి నీరై రొట్టె చిట్లుతుంది. చల్లార్చి చుడితే ఇంకో చిక్కు ఉంది. వండిన తిండిని రెండు గంటలకు మించి బయటి వేడిలో ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడింటికి వండింది ఒంటిగంటకు తినేసరికి ఆరు గంటలు. ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ వైపు ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడిలో గోరువెచ్చగా ఆరు గంటలు ఉన్న కోడిమాంసాన్ని ఎవరికీ పెట్టొద్దు.

అమ్మాయి పనిచేసే చోట ఫ్రిజ్ లేదు. అందుకని తనకు వేడి దారి. వేడి నిలిపే స్టీలు డబ్బాలో ముందు మరిగే నీళ్లు పోసి, ఐదు నిమిషాలాగి పారబోసి, పెనం మీది చికెన్‌ను పొగలు కక్కుతుండగానే నిండా వేసి మూత బిగించాలి. సగం ఖాళీగా ఉంటే వేడి నిలవదు. రొట్టెలు బట్టలో చుట్టి చిన్న హాట్‌ప్యాక్‌లో, తరిగిన కూరగాయలు ఇంకో గిన్నెలో, నువ్వుల పొడి చిన్న సీసాలో. ఒంటిగంటకు మూత తీస్తే చికెన్ చెయ్యి కాలేంత వేడిగా ఉండాలి. లేకపోతే ఆ డబ్బా ఈ పనికి చాలదు, మార్చండి. రొట్టె పరిచి, పొడి చల్లి, చికెన్, కూరగాయలు పెట్టి కింది అంచు లోపలికి మడిచి చుట్టుకోవడానికి నిమిషం పట్టదు. రొట్టె వెచ్చగా ఉంటుంది కాబట్టి విరగదు.

ఆయన ఆఫీసులో ఫ్రిజ్ ఉంది. ఆయనకు చల్లని దారి. చికెన్‌ను వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, రాత్రి గడ్డకట్టించిన నీళ్ల సీసాతో కలిపి సంచిలో పెడతాను. కోదాడలో దిగగానే ఫ్రిజ్‌లోకి పోతుంది. ఈ దారికి జొన్న రొట్టె కుదరదు, చల్లబడితే బిరుసెక్కి ముక్కలవుతుంది. చపాతీయే సరి. సంచి చల్లగా ఉంటుంది కాబట్టి, రాత్రంతా బట్టలో వేలాడగట్టి నీరు దింపిన పెరుగు కూడా పెట్టొచ్చు.

రెండింటిలో నాకు నచ్చింది వేడి దారే. రుచి, పీచు, భద్రత మూడూ అందులోనే ఉన్నాయి. రాత్రి పదిహేను నిమిషాలు, పొద్దున అరగంట. అన్నం, కూర వండడానికీ అంతే పడుతుంది.

ఈ మూడు ఊళ్లలో బళ్లు, ఆసుపత్రులు, మిల్లులు, ఆఫీసులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. తెచ్చుకున్న తిండిని మీ దగ్గర పనిచేసేవాళ్లు ఫైళ్ల మధ్యనో, మందుల పెట్టెల మీదనో పెట్టుకుని తింటున్నారు. కూర్చుని తినడానికి ఒక బల్ల, చేతులు కడుక్కోవడానికి సబ్బుతో ఒక నల్లా, డబ్బాలు పెట్టుకోవడానికి ఒక చిన్న ఫ్రిజ్ ఏర్పాటు చేయండి. ఎండలు ముదరకముందే చేయండి.