మృతజీవి ఛాయాచిత్రం: చట్రంలో లేని నిషాదుడు

శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా అరకు చేరే ఘాట్ రోడ్డుపై నలిగిపోయిన పాము, కప్ప వంటి జీవులు ప్రయాణికుల సెల్‌ఫోన్ కెమెరాలకు యాదృచ్ఛికంగా చిక్కుతుంటాయి. ఇట్టి ఛాయాచిత్రాలను కరుణరస దృష్టితో మాత్రమే పరిశీలించడం చాలదు. క్రౌంచవధను చూచిన వాల్మీకి శోకంతో ఆగక, ఎదుటనున్న నిషాదుని సంబోధించి శపించాడు. ఘాట్ రోడ్డు చిత్రంలో ఆ నిషాదుడు కనిపించడు. వాహనం అప్పటికే సాగిపోయి ఉంటుంది. కళేబరాన్ని మాత్రమే దగ్గరగా చూపిన చిత్రంలో అది సహజ మరణమో, సంహారమో తెలియదు. జాలి ఒక్కటే మిగులుతుంది. రోడ్డు మలుపు, టైరు జాడ చట్రంలోకి వచ్చి, స్థలం, తేదీ నమోదైనప్పుడే అది సాక్ష్యమవుతుంది. సూసన్ సొంటాగ్ ‘ఆన్ ఫొటోగ్రఫీ’ (1977)లో కెమెరాను తుపాకీతో పోల్చారు. ఇక్కడ ఆ పోలిక తారుమారవుతుంది: ఈ కెమెరా హంతకుని జాడ తీయగలదు. కనుక రోడ్డును కత్తిరించిన అందమైన చిత్రం కంటే, రోడ్డును చూపిన సాదా చిత్రమే విలువైనది.